పుట్టగానే థైరాయిడ్ తక్కువని తేలిన పాప అందరు పిల్లల్లా ఎదుగుతుందా?

అడిగినావిడ సమస్య ఇది: పాపకు మూడు వారాలు. మడమ దగ్గర సూదితో గుచ్చి తీసిన రక్తంలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయమని మెదడు కింది గ్రంథి పంపే హార్మోను, థైరాయిడ్ తక్కువైతే ఇది పెరుగుతుంది) ఎక్కువ వచ్చింది, రోజూ మాత్ర వేయమన్నారు. బోర్లా పడటం, కూర్చోవడం, నడక అన్నీ ఆలస్యమవుతాయేమోనని ఆవిడ భయం. వాళ్ళ అత్తగారేమో 'పాలు తాగే బిడ్డకు మాత్రలేంటి, మూడో నెల వచ్చాక చూద్దాం' అంటున్నారట.

మందు ఆలస్యం చేయకుండా వేస్తే ఎదుగుతుంది. మా అమ్మాయికీ ఇదే. ఇప్పుడు యూకేజీ, ప్రేయర్‌లో ఎత్తు ప్రకారం నిలబెడితే వెనక వరసలో ఉంటుంది. నాకు మీ పాప థైరాయిడ్ గురించి దిగులు లేదు, మీ అత్తగారి 'చూద్దాం' గురించే దిగులు.

మాది మదనపల్లె, ఉండేది బెంగళూరులో మారతహళ్ళి దగ్గర. కాన్పుకి పుట్టింటికి వెళ్ళకుండా ఇక్కడే ఉండిపోయాను, దాని మీద అప్పటికే ఇంట్లో పెద్ద గొడవ. అమ్మే సాయానికి ఇక్కడికి వచ్చింది. పాప బరువు బాగుంది, రంగు బాగుంది, అసలు ఏడ్చేదే కాదు. పాలకు కూడా మేమే లేపాలి, అరికాలు గిల్లితే కాసేపు తాగి మళ్ళీ నిద్ర. "ఎంత బుద్ధిమంతురాలే నీ కూతురు, నువ్వైతే నన్ను కంటి మీద కునుకు వేయనిచ్చావా" అని అమ్మ మురిసిపోయేది. ఎప్పుడైనా ఏడిస్తే గొంతు బొంగురుగా వచ్చేది, అచ్చం వాళ్ళ తాత గొంతేనని అందరూ నవ్వేవాళ్ళు. కామెర్లు తగ్గట్లేదంటే బాల్కనీలో పొద్దుటి ఎండ చూపించమన్నారు. విరేచనం కాకపోతే తమలపాకు కాడకి ఆముదం రాసి పెట్టడం. బొడ్డు ఉబ్బి ఉంటే రూపాయి బిళ్ళ పెట్టి గుడ్డ కట్టమని ఒక పిన్ని సలహా (అది మాత్రం కట్టనివ్వలేదు). విడివిడిగా చూస్తే ఇవన్నీ ప్రతి పురిటింట్లో ఉండేవే. అన్నీ కలిసి ఒకే బిడ్డలో ఉన్నాయే, థైరాయిడ్ తక్కువేమో అని ఎవరికీ తట్టదు.

అసలు ఈ లోపం ఉన్న చాలామంది పిల్లల్లో పుట్టినప్పుడు ఈ గుర్తులు కూడా ఉండవు. కడుపులో ఉన్నన్నాళ్ళూ తల్లి థైరాయిడ్ హార్మోను కొంత మావిలోంచి బిడ్డకు చేరుతుంది, పుట్టింటి నుంచి మూట కట్టుకొచ్చిన సరుకులు కొన్నాళ్ళు వచ్చినట్టు పుట్టాక కూడా అది కొద్దిరోజులు నెట్టుకొస్తుంది. అందుకే బిడ్డ బాగానే కనిపిస్తోంది కదా అనే మాటకు ఇక్కడ విలువ లేదు.

మాకు ఫోన్ వచ్చింది పదో రోజు సాయంత్రం. మర్నాడు పురుడు. మామగారు వాళ్ళు నెల్లూరు నుంచి, మావాళ్ళు మదనపల్లె నుంచి దిగిపోయారు, హాల్లో కాలు పెట్టే చోటు లేదు. ఫోన్లో ఆసుపత్రి అమ్మాయి సగం కన్నడ, సగం ఇంగ్లీషు, "టీఎస్‌హెచ్ తుంబా జాస్తి మేడమ్, బేగ బన్ని" (చాలా ఎక్కువుంది, త్వరగా రండి) అంటోంది. నంబరు అడిగితే 100 పైన. రిపోర్టు మీద తేదీ తరవాత చూశాను, అది వాళ్ళ దగ్గరికి వచ్చి చాలా రోజులైంది, మెయిల్ పంపేశాం కదా అన్నారు. బాలింత కూర్చుని మెయిళ్ళు చూసుకుంటుందా? డిశ్చార్జి బిల్లు విషయంలో మాత్రం గంటకోసారి ఫోన్ చేశారు.

ఇంట్లో చర్చ మొదలైంది. "పురుడు పోసుకోకుండా బిడ్డను గడప దాటించడమేంటమ్మా, ఎల్లుండి నిదానంగా వెళ్దాం, ఒక్క రోజుకి ఏం కొంపలు మునుగుతాయి" అన్నారు మామగారు. మనిషి చెడ్డవాడు కాదు, ఆయనకు థైరాయిడ్ అంటే లావైపోయే ఆడవాళ్ళ జబ్బు, అంతే. మా ఆయన ఫ్యాన్ వైపు చూస్తూ కూర్చున్నారు. అమ్మ నెమ్మదిగా "మీ మామగారు చెప్పేది కూడా ఆలోచించు" అంది. నేను ఆలోచించలేదు. పొద్దున్నే స్నానాలకు నీళ్ళు కాగుతుండగానే పాపను చుట్టుకుని ఆటో ఎక్కాను, మా ఆయన చెప్పులు వేసుకుంటూ పరుగెత్తుకొచ్చారు.

అంత చిన్న చేతిలో నరం దొరకదు. ఒక నర్సు, తరవాత ఇంకో నర్సు, చివరికి ఎన్ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ) నుంచి పిలిపించిన పెద్దావిడ తీసింది. మోకాలికి ఎక్స్‌రే కూడా తీశారు. గొంతులో జబ్బుకి మోకాలెందుకని మీకు అనిపిస్తుంది, నాకూ అనిపించింది. డాక్టరమ్మ ఆ ఫిల్మ్ లైటుకి పెట్టి తొడ ఎముక కింది చివర చూపించింది. నెలలు నిండి పుట్టిన బిడ్డకు అక్కడ గుండ్రంగా ఒక తెల్ల చుక్క కనిపించాలట, కొత్త ఎముక తయారవుతున్నట్టు గుర్తు. మా పాపకు అది ఆవగింజంత ఉందో లేదో. అంటే కడుపులో ఉన్నప్పుడే ఎముకల ఎదుగుదల వెనకబడింది. "రిపోర్టు వచ్చేదాకా ఆగక్కర్లేదు, రక్తం తీసేశాం కదా, మొదటి మాత్ర ఇక్కడే వేసెయ్యండి" అంది. అక్కడే, పాలిచ్చే గదిలో కూర్చుని వేశాను. పురుడు ఆ సాయంత్రం చేసుకున్నాం, ఏ దేవుడూ ఏమీ అనలేదు.

ఇక 'చూద్దాం' సంగతి. ఎముకలు పొడుగవ్వాలన్నా, పళ్ళు వేళకి రావాలన్నా, మాడు మూసుకోవాలన్నా, చివరికి ఒంట్లో ఎదుగుదల హార్మోను సరిగ్గా పనిచేయాలన్నా థైరాయిడ్ కావాలి. కానీ ఎత్తు కాస్త వెనకబడినా మందు పడ్డాక చాలావరకు అందుకుంటారు. మెదడు అలా కాదు. మొదటి రెండు మూడేళ్ళు మెదడు కట్టుకునేదే ఈ హార్మోనుతో, అందులోనూ మొదటి వారాలు మరీ ముఖ్యం, అందుకే రెండు వారాల లోపు మందు మొదలవ్వాలని డాక్టర్లు అంత తొందరపెడతారు. మీ అత్తగారు అడుగుతున్న మూడు నెలలు సరిగ్గా ఇవ్వకూడని మూడు నెలలు.

ఒక్క సంగతి చూసుకోండి, మీ పాపకు రక్తం ఎప్పుడు తీశారు? పుట్టిన అరగంటలో ప్రతి బిడ్డకీ టీఎస్‌హెచ్ 60, 80 దాకా ఎగబాకి రెండు మూడు రోజుల్లో దిగుతుంది, కాబట్టి మడమ రక్తం 48 గంటలు దాటాక తీయాలి. ముందే ఇంటికి పంపేయాలని తొందరగా తీసేసి జనాన్ని హడలగొట్టే చోట్లున్నాయి. నరం నుంచి తీసిన రక్తంలో కూడా టీఎస్‌హెచ్ ఎక్కువ, టీ4 (థైరాయిడ్ తయారుచేసే హార్మోను) తక్కువ వచ్చి ఉంటే ఇంక వాదన అనవసరం.

మందు లెక్క బరువును బట్టి, మొదట్లో కిలోకి 10 నుంచి 15 మైక్రోగ్రాములు. మా పాపకు 37.5, అంటే 25 మాత్ర ఒకటిన్నర. రెండు చెంచాల మధ్య నలిపి, నాలుగు చుక్కల తల్లిపాలు కలిపి, ఉగ్గుగిన్నెతో నాలుక మీద. సీసాలో పాలన్నిటికీ కలపొద్దు, బిడ్డ సగం తాగి వదిలేస్తే డోసు ఎంత పోయిందో మీకు తెలీదు. ఐరన్, కాల్షియం చుక్కలు దీనికి కనీసం నాలుగు గంటలు దూరంగా. మాత్రల సీసా వంటగదిలో పొయ్యి పక్కన పెట్టొద్దు, వేడికీ తేమకీ పాడవుతాయి.

మందు పడిన కొన్నాళ్ళకి మా పాప ఏడవడం మొదలుపెట్టింది. గట్టిగా, గొంతు విప్పి, అర్ధరాత్రి అపార్ట్‌మెంటంతా లేచేలా. అమ్మ కంగారుపడిపోయింది, "బంగారం లాంటి పిల్లకి ఆ మాత్ర వేడి చేసింది, ఆపెయ్" అని. నాకు మాత్రం ఆ ఏడుపు వింటుంటే ప్రాణం లేచొచ్చింది. (మరీ చెమటలు పట్టి, చిరాకుగా, నిద్రే లేకుండా ఉంటే డోసు ఎక్కువైందేమో అడగండి, అది వేరే.)

తరవాత తప్పెవరిదనే విచారణ. నేను కడుపుతో ఉన్నప్పుడు క్యాబేజీ తిన్నానట. మాది మేనరికం కూడా కాదు, పాపం వాళ్ళకి ఆ కారణం దొరకలేదు. దగ్గరి సంబంధాల్లో హార్మోను తయారీలోనే లోపం ఉన్న రకం కాస్త ఎక్కువన్నది నిజమే, కానీ మా పాప స్కాన్‌లో తేలింది వేరు. థైరాయిడ్ గ్రంథి పిండంలో నాలుక మొదట్లో పుట్టి మెడలోకి దిగుతుందట, మా పాపది దిగకుండా అక్కడే ఆగిపోయింది. ఇది క్యాబేజీ వల్ల జరగదు. మాది జీవితాంతం వాడాల్సిన రకం. కొందరికి తాత్కాలికం, మూడేళ్ళు నిండాక డాక్టరే మందు ఆపి చూస్తారు. డాక్టరు ఆపాలి, అత్తగారు కాదు.

కోపమొచ్చే ఇంకో విషయం. ఇక్కడ ప్రైవేటు ఆసుపత్రుల్లో బొడ్డుతాడు రక్తం దాచిపెడతామని ఏజెంట్లు లేబర్ వార్డు దాకా వస్తారు, పేర్లు కూడా పలకలేని జబ్బులకి ప్యాకేజీలు అమ్ముతారు, ఈ ఒక్క పరీక్ష సంగతి మాత్రం అడిగితేనే చెప్తారు. ఐసీఎంఆర్ (కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) వాళ్ళు మన దేశంలో అయిదు నగరాల్లో లక్షకు పైగా పసిపిల్లల్ని పరీక్షిస్తే 1,130 మందిలో ఒకరికి ఈ లోపం తేలింది. కెనడాలోని క్యుబెక్‌లో ఈ పరీక్ష 1970ల్లోనే మొదలైంది. మన దేశంలో గోవా 2008లో మొదలుపెట్టింది, కేరళ సర్కారు ఆసుపత్రుల్లో చేస్తున్నారు. మా మదనపల్లెలో కాన్పు అయుంటే మాకు తెలిసేదా? తెలిసేది కాదనే నా నమ్మకం, ఎవరేమన్నా సరే.

నడక గురించి అడిగారు కదా. మా అమ్మాయి 15 నెలలకి నడిచింది. మా వాట్సాప్ తల్లుల గ్రూపులో ఒకావిడ కొడుకు పది నెలలకే పరుగెత్తేశాడు, రోజూ వీడియో. ఆ గ్రూపు మ్యూట్ చేశాను. 18 నెలలు దాటినా నడవకపోతే డాక్టరుని అడగాలి, అంతకు ముందు టెన్షన్ పడటం దండగ. వాకర్లు, బరువు పెంచే పొడులు, వస కొమ్ము నాకించడాలు ఏవీ ఈ మాత్ర పని చేయవు.

మీ ప్రశ్నలో పాప బరువు రాయలేదు. డోసు బరువుతో పాటు మారాలి కాబట్టి వెళ్ళిన ప్రతిసారీ తూకం వేశారో లేదో చూసుకోండి. ఒకసారి మాకు తూచకుండా, రక్తపరీక్ష చూడకుండా పాత చీటీయే మళ్ళీ రాసిచ్చారు. నేను కుర్చీలోంచి లేవలేదు, బయట టోకెన్ల వాళ్ళు ఎంత గొణిగినా సరే.