ఇంజిన్ నుంచి ఐదో బోగీ

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న ఫోన్లో నువ్వు చెప్పిందంతా మళ్లీ ఒకసారి ఆలోచించాను. ఆటోనగర్ ఆఫీసులో సర్వర్‌కి కొత్త ఎన్‌వీఎంఈ డిస్క్ బిగించావు. డిస్క్ కనిపించింది, నెట్‌వర్క్ పోయింది. కేబుల్ మార్చావు, స్విచ్‌లో పోర్టు మార్చావు, చివరికి నెట్‌వర్క్ కార్డే కాలిపోయిందని కొత్తది కొనబోయావు. కార్డుకేమీ కాలేదురా. నిన్నటిదాకా లినక్స్ దానికి పెట్టిన ఈఎన్‌పీ3ఎస్0 (enp3s0) అన్న పేరు ఇవాళ ఈఎన్‌పీ4ఎస్0 అయింది, నీ ఐపీ సెట్టింగులు పాత పేరు మీదే ఉండిపోయాయి. అంతే.

ఆ 3 అనేది పీసీఐ బస్ నంబరు, అంటే కార్డులు మదర్‌బోర్డుతో మాట్లాడే దారి నంబరు. మదర్‌బోర్డు మీద అచ్చేసింది కాదు, మెషీన్ లేచినప్పుడల్లా పరికరాలను వరసగా లెక్కపెడితే వచ్చేది. మధ్యలో నీ కొత్త డిస్కులాంటిది ఇంకొకటి చేరితే వెనక ఉన్నవాటి లెక్క జరిగిపోవచ్చు. బెజవాడ స్టేషన్లో చూసే ఉంటావు, 'ఇంజిన్ నుంచి ఐదో బోగీ' అని లెక్క వేసుకుని నిలబడ్డవాళ్లు, ఆ రోజు ముందు ఒక జనరల్ బోగీ ఎక్కువ తగిలిస్తే సూట్‌కేసులు పట్టుకుని పరిగెడతారు. బోగీ మీద రాసిన ఎస్5 చూసుకున్నవాడు నింపాదిగా ఎక్కుతాడు.

మా రోజుల్లో ఇంతకన్నా ఘోరం. లినక్స్ గుండెకాయైన కెర్నెల్‌కి ఏ కార్డు ముందు దొరికితే అది ఈత్0 (eth0), తర్వాతది ఈత్1. డ్రైవర్లు, అంటే కార్డుల్ని నడిపే ప్రోగ్రాములు, ఒకేసారి లేవడం మొదలయ్యాక ఎవరు ముందొస్తారో ఎవరికీ తెలియదు. గవర్నర్‌పేటలో ఒక షాపులో లోపలికొకటి, బయటికొకటి రెండు కార్డులున్న పాత పీసీని ఫైర్‌వాల్‌గా, అంటే నెట్‌కి కాపలాగా పెట్టాను. ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది, పేర్లు రెండూ తారుమారయ్యాయి. ఫైర్‌వాల్ పాపం తన పని తాను చేసింది: లోపలివాళ్లని ఆపి బయటివాళ్లకి తలుపు తీసింది. ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు.

దానికి మందుగా యూడెవ్ అనే లినక్స్ భాగం మ్యాక్ అడ్రస్‌ని, అంటే కార్డుకి తయారీలోనే ఇచ్చే నంబరుని, ఒక ఫైల్లో రాసిపెట్టుకునేది. ఫలానా మ్యాక్ కనిపిస్తే ఈత్0 అని. బాగానే ఉందనుకున్నాం. కార్డు కాలిపోయి కొత్తది పెడితే ఈత్0 పాతదాని పేరున రిజర్వయి ఉంటుంది, కొత్తది ఈత్1 అవుతుంది. వర్చువల్ మెషీన్‌ని (సాఫ్ట్‌వేర్‌తో చేసిన కంప్యూటర్‌ని) క్లోన్ చేసినా అదే గోల. తర్వాత 2013లో, లినక్స్‌ని లేపి నడిపే సిస్టమ్‌డీ 197వ వెర్షన్‌తో ఇప్పుడు నువ్వు తిట్టుకుంటున్న ఈ పొడుగు పేర్లు వచ్చాయి. నేనూ తిట్టాను. వాటిని 'ప్రెడిక్టబుల్' అన్నారు గానీ, ప్రతి మెషీన్లోనూ ఒకే పేరుంటుందని దాని అర్థం కాదు. హార్డ్‌వేర్ కదపనంత కాలం ఈ మెషీన్లో రీబూట్ తర్వాత కూడా అదే పేరు వస్తుందని మాత్రమే. నువ్వు హార్డ్‌వేర్ కదిపావు.

ఇంటర్నెట్‌లో వెతికితే నెట్.ఇఫ్‌నేమ్స్=0 అని బూట్ లైన్లో పెట్టేయమంటారు, మళ్లీ పాత ఈత్0 పేర్లే వస్తాయి. ఒకే కార్డున్న మెషీన్‌కి ఫరవాలేదు. నీ సర్వర్లో రెండున్నాయి, అలా పెడితే మళ్లీ నా గవర్నర్‌పేట రాత్రే.

నా ఉద్దేశంలో ఆపరేటింగ్ సిస్టమ్ పని ఏ కార్డు ఎక్కడుందో నిజాయితీగా చెప్పడం. దాన్ని ఏమని పిలవాలో మనం చెప్పాలి, ఎందుకంటే అది చేసే పని మనకే తెలుసు. ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌లో డ్రైవర్ పేరే కార్డు పేరు. ఇంటెల్‌ది తీసి రియల్‌టెక్‌ది పెడితే ఈఎమ్0 కాస్తా ఆర్‌ఈ0 అవుతుంది, సెట్టింగులన్నీ మళ్లీ దిద్దుకోవాలి. అదీ నాకు నచ్చదు.

నువ్వు సిస్టమ్‌డీ నెట్‌వర్క్ ఫోల్డర్లో కార్డుకొక లింక్ ఫైలు రాయి, ఫలానా కార్డుకి ఫలానా పేరు అని. ఆఫీసు వైపు దానికి లాన్0, బయటి లైనుకి వాన్0. ఈత్0 అని మాత్రం పెట్టకు, ఆ పేర్లు కెర్నెల్ తానే పంచుతుంది, ఢీకొంటాయి. పేరు 15 అక్షరాలు దాటకూడదు, వీలాన్ (ఒకే లైను మీద విడదీసిన నెట్‌వర్క్) నంబరు కూడా అందులోనే పట్టాలి కాబట్టి చిన్నగా ఉంచు.

కార్డుని దేనితో గుర్తుపట్టాలన్నదే అసలు ఆలోచించాల్సింది. ఏది తక్కువ మారుతుందో చూడు. పెద్ద కంపెనీ తయారుచేసి అమ్మిన సర్వర్ అయితే వాళ్ల మనిషి వచ్చి అదే స్లాట్లో వేరే కార్డు పెట్టి పోతాడు, అక్కడ స్లాట్‌ని పట్టుకో. నీది అసెంబుల్డ్ డబ్బా, ఇవాళ డిస్కు, రేపు గ్రాఫిక్స్ కార్డు పెడతావు. నువ్వు మ్యాక్‌ని పట్టుకో. మామూలు మ్యాక్ కాదు, పర్మనెంట్ మ్యాక్ అని రాయాలి. వీలాన్లూ, నెట్‌వర్క్‌లని కలిపే బ్రిడ్జిలూ కార్డు మ్యాక్‌నే అరువు తెచ్చుకుంటాయి, మామూలుగా రాస్తే వాటి మీద కూడా ఆ పేరే రుద్దబోతుంది. కార్డు మార్చిన రోజు ఆ ఒక్క లైను దిద్దితే చాలు.

ఏ కార్డు ఏదో ఊహించకు. ఈత్‌టూల్ అనే కమాండ్‌కి 'పి' ఆప్షన్ ఇస్తే చాలా కార్డుల్లో లైటు మిణుకుతుంది. అది చూసి, డబ్బా వెనక అదే పేరు స్టిక్కర్ అంటించు. ఫైర్‌వాల్లో, నెట్‌వర్క్ సెట్టింగుల్లో కూడా పాత పేర్లు మార్చు. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్, అంటే బూట్ మొదట్లో వాడే ఫైళ్ల మూట, మళ్లీ తయారు చేయడం మర్చిపోకు, లేకపోతే బూట్ మొదట్లో పాత ఫైలే చదివి కూర్చుంటుంది.

ఇదంతా ఆదివారం పెట్టుకో, మానిటరూ కీబోర్డూ సర్వర్‌కే తగిలించుకుని. నేను ఒకసారి ఇంట్లో కూర్చుని ఎస్‌ఎస్‌హెచ్‌లో, అంటే నెట్ మీద దూరం నుంచే లాగినై, పేరు మార్చాను. లైను తెగింది. కాజ టోల్‌గేట్ దాటి, వారధి మీదుగా బెజవాడ వెళ్లి ఒక్క అక్షరం దిద్ది, అదే దారిన వెనక్కొచ్చాను.

ఇట్లు,
మీ మావయ్య