పాఠకుల ప్రశ్నలు: ఆయన బొమ్మలు ఎవరు తీయాలి?

పోయిన నెల ఇల్లు సర్దుకోవడం గురించి నేను రాసిన నాలుగు ముక్కలకి ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. అందులో సగం, ఇంట్లో పోగేసుకున్న వస్తువుల కలెక్షన్లు తగ్గించే అమెరికా టీవీ షోలు చూసి అడిగినవే. అన్నిటికీ ఇక్కడ చోటు చాలదు కాబట్టి నాలుగు తీసుకున్నా.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా ఆయనకి స్టార్ వార్స్ బొమ్మలన్నా హాట్ వీల్స్ కార్లన్నా ప్రాణం. రెండు కార్లు పట్టే గరాజ్ నిండా అట్టపెట్టెలే, మా కార్లేమో ఎండలో. ఇప్పుడు గెస్ట్ బెడ్‌రూం కూడా నిండిపోతోంది, మా అత్తగారొస్తే పడుకోడానికి మంచం ఖాళీ లేదు. 'కలెక్షన్ ఇంటర్వెన్షన్' అనే పాత షో చూశాను, అలా ఎవరైనా వచ్చి తీయిస్తే బాగుండనిపించింది. సంక్రాంతికి ఆయనొక్కరే ఇండియా వెళ్తున్నారు, ఆ మూడు వారాల్లో సగం తీయించేద్దామనుకుంటున్నా. తప్పంటారా?
– ఓ సోదరి

జవాబు: తప్పేనమ్మా. ముందు ఆ మాట చెప్పేసి మిగతాది తర్వాత మాట్లాడతా.

మీరు చూసిన షో 2012లో సైఫై ఛానల్లో వచ్చింది. దాన్ని నడిపిన ఎలీస్ లూరే అంతకుముందు క్రిస్టీస్ వేలం సంస్థలో పనిచేశారు, అంటే ఆవిడ పాత వస్తువులకి వెల కట్టే మనిషి. ఆ షోలో నాకు నచ్చింది ఏంటంటే, వస్తువు చేతిలోకి తీసుకుని ఇది ఫలానా, ఇంత పలుకుతుంది అని చెప్పి, ఉంచుకోవాలో అమ్మాలో ఆ మనిషితోనే తేల్పించాలని చూస్తారు. అక్కడ పక్కనే భార్య ఏడుస్తున్నా, స్నేహితులు నచ్చజెబుతున్నా, చివరికి పెట్టెలోంచి చెయ్యి తీయాల్సింది దాచుకున్నవాళ్లే. మీరు చేద్దామనుకున్నది సరిగ్గా ఆ ఒక్క ముక్క తీసేసి మిగతా షో నడపడం.

మా పెదనాన్న రైల్వేలో గార్డు. ఏ స్టేషన్‌లో డ్యూటీ దిగితే అక్కడి అగ్గిపెట్టె కొనేవారు, గిన్నెలో నీళ్లుపోసి నానబెట్టి, లేబుల్ చిరక్కుండా గోటితో ఊడదీసి, పాత లెడ్జర్ పుస్తకంలో అన్నం మెతుకు నలిపి అంటించేవారు. అలాంటి లెడ్జర్లు ఏడున్నాయి. ఆయన కంటి ఆపరేషన్‌కి వెళ్లిన వారంలో ఇంటికి సున్నాలు వేయిస్తూ మావాళ్లు వాటిని పాతపేపర్లతో పాటు తూకానికి వేసేశారు, చెదపట్టిన పుస్తకాలే కదా అని, వాళ్ల మనసులో కుళ్లేమీ లేదు. పెదనాన్న కంటి కట్టు విప్పాక అలమర చూసి ఎవర్నీ ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాత పదకొండేళ్లు ఆ ఇంట్లోంచి ఏ వస్తువూ బయటికి పోనిచ్చేవారు కాదు, ఖాళీ మందు సీసాలూ, తెగిన చెప్పులూ, చివరికి పెళ్లి శుభలేఖల కవర్లు కూడా తలగడ కింద పెట్టుకునేవారు. అంతకుముందు ఆయనకి ఆ అలవాటే లేదమ్మా, అది మేం చేసిన పని.

ఇక బొమ్మల విలువ సంగతి, ఎందుకంటే మీ ఆయన కచ్చితంగా "ఇవి రేపు లక్షలు చేస్తాయి" అంటారు. కొన్ని చేస్తాయి కూడా. 1977లో మొదటి సినిమా వచ్చినప్పుడు కెన్నర్ కంపెనీ క్రిస్మస్‌కి బొమ్మలు తయారుచేయలేక, బొమ్మల్లేని అట్ట కవర్‌లో ఓ సర్టిఫికెట్ పెట్టి అమ్మింది, అది పోస్టులో పంపితే 1978లో నాలుగు బొమ్మలు ఇంటికొచ్చాయి. ఆ కాలం పిల్లలు వాటిని మట్టిలో ఆడి విరగ్గొట్టారు కాబట్టే పెట్టె విప్పకుండా మిగిలినవాటికి అంత ధర. 1995 తర్వాత మళ్లీ వచ్చిన బొమ్మలు, 1999లో కొత్త సినిమాతో వచ్చినవి అలా కాదు, పాతవాటి ధరలు చూసి వేలమంది సీల్ విప్పకుండా గరాజుల్లో దాచారు, అందరి దగ్గరా ఉన్న వస్తువు ఎవరు కొంటారు చెప్పండి. ఈబేలో అమ్మేవాళ్లు అడిగే రేటు కాదు, అమ్ముడుపోయినవాటి రేటు చూడొచ్చు, ఆ ఫిల్టర్ పెట్టి ఇద్దరూ కలిసి ఓ సాయంత్రం కూర్చోండి. వెల మీరు చెబితే పోట్లాట అవుతుంది, స్క్రీన్ మీద ఆయనే చూస్తే వేరు.

మొదలుపెట్టేది గరాజ్‌తో కాదు, గెస్ట్ రూంతో. "నీ బొమ్మలు తగ్గించు" అనకండి, "అత్తయ్యగారికి మంచం కావాలి, ఈ గదిలోవి ఎక్కడ పెడదాం" అని అడగండి, అది ఆయన కాదనలేని మాట. గరాజ్‌లో ఒక గోడ పూర్తిగా ఆయనదే అని చెప్పి మంచి అద్దాల షెల్ఫ్ కొనివ్వండి, అందులో పట్టినవి ఆయన ఎంచుకుంటారు. అట్టపెట్టెలో ఉన్నంతకాలం వెయ్యీ ఒకటే, షెల్ఫ్‌లో పెట్టాలంటే ఏది ఇష్టమో ఆయనకే తెలుస్తుంది. ఆదివారానికి ఒక్క పెట్టె చాలు. ఏడాది పడుతుందేమో, పట్టనివ్వండి.

ప్రశ్న: 'హోర్డర్స్' షోలో చూపించేది నిజమేనా? రెండు రోజుల్లో ఇల్లు ఖాళీ చేసేస్తారు కదా, మనుషులు నిజంగా మారతారా? మా అమ్మ కూడా క్యారీబ్యాగులు, హార్లిక్స్ సీసాలు, స్వీట్ డబ్బాలు ఒక్కటీ పారేయదు. భయంగా ఉంది.
– గుంటూరు పాఠకురాలు

జవాబు: భయపడకండి, సీసాలు కడిగి కందిపప్పు పోసుకునే అమ్మ జబ్బు మనిషి కాదు, మన అమ్మలందరూ అంతే.

'హోర్డర్స్' 2009లో ఏ అండ్ ఈ ఛానల్లో మొదలైంది. అందులో కనిపించే చాలామంది కలెక్టర్లు కారు, వాళ్లది వేరే బాధ. కలెక్టర్ వెతికి తెచ్చుకుంటాడు, వరసగా పెట్టుకుంటాడు, ఇంటికొచ్చినవాళ్లకి చూపించి మురిసిపోతాడు. ఈ షోలో కనిపించేవాళ్లు దేన్నీ వదల్లేరు, వదలాలంటే ఒంట్లో వణుకు పుడుతుంది, ఇంటికి ఎవరైనా వస్తామంటే తలుపు తీయరు. దీన్ని చాలాకాలం ఓసీడీలో, అంటే వద్దన్నా వచ్చే ఆలోచనలతో చేసిందే మళ్లీ మళ్లీ చేయించే మానసిక జబ్బులో, భాగంగానే చూశారు, 2013లో మానసిక జబ్బుల్ని వర్గీకరించే అమెరికా సైకియాట్రిస్టుల డీఎస్‌ఎం-5 పుస్తకంలో 'హోర్డింగ్ డిజార్డర్' అని విడిగా పెట్టారు. పొయ్యి మీద వండుకోడానికి లేకుండా, మంచం మీద పడుకోడానికి లేకుండా సామాను నిండిందంటే అప్పుడు సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లాలి. న్యూయార్క్‌లో కాలియర్ అన్నదమ్ములని ఇద్దరుండేవారు, 1947లో వాళ్ల ఇంట్లోంచి వంద టన్నులకి పైగా సామాను తీశారు, అందులో 14 పియానోలు. తమ్ముడి శవం ఆ సామాను కిందే దొరికింది. అదీ దాని ముదిరిన రూపం.

మారతారా అంటే, ఎపిసోడ్ చివర తెర మీద వచ్చే రెండు మూడు లైన్లు చదవండి. ఫలానావాళ్లు థెరపీకి వెళ్తున్నారు, ఫలానావాళ్లు సాయం వద్దన్నారు అని ఉంటుంది. షో అయ్యాక థెరపిస్టుకీ సర్దిపెట్టే మనిషికీ అయ్యే ఖర్చులో వాళ్లు సాయం చేస్తారు, అది మంచి పని. కానీ ట్రక్కు నిండటం, ఆవిడ అరవడం, కొడుకు విసుక్కోవడం, ఇదే మనకి నలభై నిమిషాలు చూపిస్తారు. అసలు వైద్యం, అంటే ఒక్క వస్తువు చేతిలో పట్టుకుని "ఇది పోతే నాకేమవుతుంది" అని ఆలోచించడం నేర్పే సీబీటీ, అది నెలల తరబడి సాగుతుంది, కెమెరాకి పనికిరాదు. మనిషి ఒప్పుకోకుండా ఖాళీ చేసిన ఇల్లు మళ్లీ నిండుతుంది, ఇది చెప్పని డాక్టర్ ఉండరు.

ప్రశ్న: మన తెలుగు ఛానళ్లు ఇలాంటి షో ఎందుకు చేయవు?
– కరీంనగర్ నుంచి

జవాబు: ఇంట్లో చెత్త ఊరందరికీ చూపించడానికి మనవాళ్లెవరూ తలుపు తీయరనుకుంటా, తీయకపోవడమే నయం. ఎవరైనా తీస్తే మాత్రం ఏడాది తర్వాత అదే గదిలోకి మళ్లీ వెళ్లి చూపించాలి, అలాగైతే నేను చూస్తా.

ప్రశ్న: నేను రిటైరైన తెలుగు పండితుణ్ణి, వయసు 78. యాభై ఏళ్లుగా దాచిన చందమామలు, భారతి సాహిత్య పత్రిక సంచికలు, స్టాంపులు, పాత నాణేలు రెండు గదుల నిండా ఉన్నాయి. పిల్లలు బెంగళూరులో, ఫ్లాట్‌లో చోటు లేదంటున్నారు. ట్రాక్టర్ బొమ్మున్న ఐదు రూపాయల నోటుకి లక్షలిస్తామని ఎవరో ఫోన్ చేశారు. ఏం చేయమంటారు?
– తెనాలి నుంచి ఒక పాఠకుడు

జవాబు: మాస్టారూ, ముందు ఆ ఫోన్ వాళ్ల నంబర్ బ్లాక్ చేయించండి. లక్షలిస్తామని చెప్పి, ముందుగా కమిషన్ కట్టండి, పన్ను కట్టండి అని మీ దగ్గరే గుంజుతారు. రిజర్వ్ బ్యాంకు పేరు వాడుకుని ఇలాంటి మోసాలు జరుగుతున్నాయని 2021 ఆగస్టులో ఆ బ్యాంకే హెచ్చరించింది, పాత నోట్ల వ్యవహారాల్లో మేం లేం, ఏ కమిషనూ అడగం అని.

మీ ఉత్తరం చదివాక సాలార్‌జంగ్ గుర్తొచ్చారు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసఫ్ అలీ ఖాన్ జీవితమంతా, ఆస్తంతా వస్తువుల మీదే పెట్టి 1949లో పోయారు, పెళ్లి లేదు, పిల్లల్లేరు. హైదరాబాద్‌లో ఆయనుండే భవనం దివాన్ దేవిడీలో గుట్టలుగా ఉన్నవి 1951లో మ్యూజియం అయ్యాయి కాబట్టి ఇవాళ మనం చూస్తున్నాం. ఆయన పోయాక వేరేవాళ్లు పూనుకున్నారు. మనలాంటి ఇళ్లకి అలా ఎవరూ పూనుకోరు, తూకం కాటా వస్తుంది. మీ చెయ్యి ఆడుతుండగానే ఏది ఎక్కడికి వెళ్లాలో మీరే రాయాలి.

భారతి సంచికలకి లైబ్రరీని అడగండి, మీకు దగ్గర్లోనే వేటపాలెం సారస్వత నికేతనం ఉంది, 1918 నుంచి పత్రికలు భద్రం చేస్తున్నారు. నేరుగా బస్తాలు దింపకండి, ఏ సంవత్సరం, ఏ నెల, అట్ట ఉందా లేదా అని జాబితా పంపితే వాళ్ల దగ్గర లేనివి ఏంటో చెబుతారు. చందమామలు 1947 జూలై నుంచి వచ్చాయి కదా, మొదటి సంవత్సరాలవి ఉంటే విడిగా తీసిపెట్టండి, తర్వాతవి చాలామంది దగ్గరున్నాయి, మీ ఊరి బడికి ఇచ్చినా పిల్లలు చదువుతారు. స్టాంపులూ నాణేలూ ఒక్క కొట్టులో చూపించి ఆగకండి, ఇద్దరు ముగ్గురు డీలర్లకి చూపించండి, నాణేలు మాత్రం తళతళలాడాలని చింతపండుతో తోమొద్దు, విలువ పోతుంది. మీకు బాగా ఇష్టమైనవి ఒక్క ట్రంకుపెట్టెకి సరిపడా ఉంచుకోండి, ఆ పెట్టె గురించి మీ పిల్లల్ని ఏమీ అననివ్వకండి.

జాబితా రాసేటప్పుడు ఎక్కడ కొన్నారో, ఎవరిచ్చారో కూడా పక్కన రాయండి మాస్టారూ. మా పెదనాన్న ప్రతి లేబుల్ కిందా స్టేషన్ పేరూ తారీఖూ పెన్సిల్‌తో రాసేవారు. ఆ ఏడు లెడ్జర్లలో నాకు గుర్తుంది ఒక్కటే లేబుల్, ఎర్ర రంగు, కింద డోర్నకల్ అని ఉండేది.