అమ్మ పక్కన లేకుండా బిడ్డకు పాలివ్వాలంటే

"అమ్మకి వీసా అపాయింట్‌మెంట్ దొరకలేదు అక్కా, డెలివరీకి ఏడు వారాలే ఉంది. పాలివ్వడం అవీ ఎవరు చూపిస్తారు?" అని ఈమధ్యే న్యూజెర్సీకి వచ్చిన ఒకమ్మాయి అడిగింది. పదమూడేళ్ల క్రితం నాదీ ఇదే టెన్షన్. తనకి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు బిడ్డ నోటిపట్టు చూసుకోండి. మా బాబు పుట్టిన మూడో రోజుకే నా చనుమొనలు పగిలి రక్తం వచ్చింది. ఫోన్ చేసిన ప్రతివాళ్లూ "మొదట్లో అంతేనమ్మా, ఓర్చుకో" అన్నారు. వాడు ఏడవగానే నాకు ఒళ్లు బిగుసుకుపోయేది. పళ్ల బిగువున ఐదు రోజులు గడిపాను. చివరికి పిల్లల డాక్టర్ దగ్గరున్న లాక్టేషన్ కన్సల్టెంట్ (పాలివ్వడం నేర్పే నిపుణురాలు) ఒక్క నిమిషం చూసి, బిడ్డ మొన చివర మాత్రమే పట్టుకుంటున్నాడని చెప్పింది. నా వీపు వెనక దిండు పెట్టి, వాడి పొట్ట నా పొట్టకి ఆనేలా తిప్పింది. వాడి ముక్కు చనుమొనకి ఎదురుగా ఉంచి, ఆవులించినట్టు నోరు పెద్దగా తెరిచేదాకా ఆగమంది. తెరవగానే గడ్డం ముందు తగిలేలా వాణ్ణి నా దగ్గరికి తెచ్చింది. నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్లింది. అప్పటిదాకా చప్పరిస్తున్న వాడు గుటకలు వేయడం నాకు వినిపించింది. ఆ ఐదు రోజులూ ఎందుకు ఓర్చుకున్నానా అని ఏడ్చేశాను.

పట్టగానే కొన్ని క్షణాలు లాగినట్టు ఉండటం మామూలే. తాగుతున్నంతసేపూ నొప్పి ఉంటే మాత్రం పట్టు సరిగా లేదన్నమాట. అలాంటప్పుడు లాగేయకండి, బిడ్డ నోటి మూలలో చిటికెన వేలు పెట్టి పట్టు విడిపించి మళ్లీ పట్టించండి. మామూలు కాన్పైతే 48 గంటలు, సిజేరియన్ అయితే 96 గంటలు ఆసుపత్రిలో ఉండేందుకు ఇక్కడి చట్టం వీలిస్తుంది. ఆ గంటల్లోనే, మొదటి రోజే, "లాక్టేషన్ కన్సల్టెంట్‌ని పంపండి" అని నర్సుని అడగండి. మొహమాటపడొద్దు. ఇంటికొచ్చాక కూడా ఈ సాయానికి చాలా ఇన్సూరెన్సులు డబ్బు కడతాయి.

రెండో రోజుకే ఊరి నుంచి "పాలు పడ్డాయా?" అని ఫోన్లు మొదలవుతాయి. మొదటి రెండు మూడు రోజులు వచ్చేది ముర్రుపాలే, అదీ చెంచాల లెక్కన. పాలు నిండుగా పడటానికి మూడు నుంచి ఐదు రోజులు పట్టవచ్చు. రోజుకి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పట్టిస్తూ డైపర్లు లెక్కపెట్టుకోండి. ఐదో రోజు దాటాక రోజుకి కనీసం ఆరు తడి డైపర్లు ఉండాలి, రెండు వారాలకల్లా బిడ్డ పుట్టినప్పటి బరువుకి రావాలి. డైపర్లు తగ్గినా, బిడ్డ లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా ఆ రోజే పిల్లల డాక్టర్‌కి ఫోన్ చేయండి. డాక్టర్ కొంత ఫార్ములా పట్టమంటే పట్టండి, అందులో మీ తప్పేమీ లేదు.

పథ్యం గురించి నాది సూటి మాట. వెల్లుల్లి కారం, మునగాకు, సొరకాయ, మెంతులు, నెయ్యన్నం హాయిగా తినండి. బాలింతకి నీళ్లు తక్కువ ఇవ్వాలన్న మాట మాత్రం వినొద్దు. జనవరి చలి, ఇంట్లో రాత్రంతా హీటర్, గంటగంటకీ పాలు. ఆ మాట విని నేను గ్లాసు లెక్కన కొద్దికొద్దిగానే నీళ్లు తాగి తలనొప్పి, మలబద్ధకం తెచ్చుకున్నాను. పాలిచ్చే కుర్చీ పక్కన నీళ్ల సీసా పెట్టుకుని దాహం వేసినప్పుడల్లా తాగండి. శాకాహారులైతే బి12 గురించి డాక్టర్ని అడగండి. షుగర్ మందులు వాడేవాళ్లు అడగకుండా మెంతి మాత్రలు మొదలుపెట్టొద్దు. తల్లిపాలు తాగే బిడ్డకి ఇక్కడి డాక్టర్లు రోజుకి 400 యూనిట్ల విటమిన్ డి చుక్కలు వేయమంటారు. లేత ఎండలో పడుకోబెడితే చాలనుకుని అవి మానేయకండి.

రొమ్ములో పాలు గడ్డకడితే వేడి కాపడం పెట్టి గట్టిగా పిసకమని మన పెద్దవాళ్లు చెబుతారు. గట్టిగా నొక్కితే వాపు ఇంకా పెరుగుతుంది. చల్లటి గుడ్డ వేసుకుని, డాక్టర్ సరేనంటే ఐబుప్రోఫెన్ వేసుకుని, ఎప్పటిలాగే పాలిస్తూ ఉండండి. ఎర్రబడి జ్వరం, వణుకు వస్తే రేపటిదాకా ఆగొద్దు. యాంటీబయాటిక్ ఇచ్చినా చాలావరకు పాలు ఆపక్కర్లేదు, ఆ మాట డాక్టర్‌నే అడిగి తెలుసుకోండి.

ఉద్యోగానికి వెళ్లేవాళ్లు పాలు పిండుకోవడానికి బాత్రూమ్‌లో కూర్చోనక్కర్లేదు. 2022 డిసెంబరులో వచ్చిన పంప్ చట్టం వల్ల జీతం మీద పనిచేసే మన ఐటీ వాళ్లలో కూడా చాలామందికి బిడ్డ పుట్టిన ఏడాది వరకు విరామం, చాటైన గది అడిగే హక్కు ఉంది. పిండిన పాలు గది వేడిమిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. సంచి మీద తేదీ రాయడం మర్చిపోవద్దు.

ఇంకొక్క మాట. రెండు వారాలు దాటాక కూడా మీకు ఏడుపు ఆగకపోయినా, బిడ్డ నిద్రపోతున్నా మీకు నిద్ర రాకపోయినా ఆ సంగతి మీ ఆయనకి చెప్పండి, డాక్టర్‌కి చెప్పండి. కొత్త తల్లుల మనసు బాగోగుల కోసం ఇక్కడున్న హెల్ప్‌లైన్ 1-833-852-6262 కి పగలూ రాత్రీ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, దుబాసీ కావాలన్నా అడగొచ్చు. అమ్మతో చెబితే అక్కడ కంగారు పడుతుందని నేను నెల రోజులు దాచాను. మీరు దాచకండి.

ఏడు వారాలుంది కదా తల్లీ, రేపు పొద్దున్నే ఇన్సూరెన్స్ కార్డు వెనకున్న నంబరుకి ఫోన్ చేసి పాలు పిండే పంప్ ఏ సప్లయర్ దగ్గర తీసుకోవాలో, డాక్టర్ చీటీ కావాలో లేదో కనుక్కో. బిడ్డని ఎత్తుకుని ఆ హోల్డ్ మ్యూజిక్ వినడం చాలా కష్టం.