కనుమ నాడు గ్రైండర్ పాడైతే

పండక్కి ఊరెళ్ళొస్తే అలసట తప్ప ఏమీ మిగలట్లేదు, మన ఒంటినీ మనసునీ చూసుకుంటూ అయినవాళ్ళతో హాయిగా గడపడం ఎలా అని కదా మీ ప్రశ్న. ధ్యానం చెయ్యండి, నీళ్ళు ఎక్కువ తాగండి లాంటివి నేను చెప్పను. మీరు సంక్రాంతి గురించే అడిగారనుకుని ఒక్కటే చెప్తాను: కనుమ నాడు పొయ్యి వెలిగించకండి.

మేముండేది హైదరాబాద్‌లో. అత్తవారిల్లు కోనసీమలో, అంబాజీపేట దగ్గర పల్లెటూరు. పెళ్ళయి 19 ఏళ్ళు. సంక్రాంతి అనగానే నాకు ముందు గుర్తొచ్చేది వంటింటి కిటికీలోంచి కనబడే పెరడు. ముగ్గులు, హరిదాసు, గంగిరెద్దు అన్నీ ఫోటోల్లో చూసుకోవాల్సిందే. భోగి ముందురోజు అరిసెలు. పాకం లేతగా ఉంటే నూనెలో విడిపోతాయి, ముదిరితే పళ్ళకి పని. అది సరిగ్గా వచ్చే ఆ ఒక్క క్షణం కోసం అత్తయ్యగారు, తోడికోడలు, నేను ఊపిరి బిగబట్టుకుని నిలబడతాం. సరిగ్గా అప్పుడే హాల్లోంచి కేక, "టీ ఏమైనా పెడతారా?" అని. పేకాటలో గొంతులు ఎండిపోతాయి మరి. తెల్లారి నేను వీధిలోకి వచ్చేసరికి భోగి మంట బూడిదయి ఉంటుంది. మంట ఉన్నంతసేపూ దాని చుట్టూ పిల్లలు రీల్స్ తీసుకుంటారు, అది ఇంకో బాధ.

2023లో కనుమ నాడు పొద్దున్నే గారెలకి పప్పు రుబ్బుతుంటే గ్రైండర్ కాలిన వాసన వచ్చి ఆగిపోయింది. మినప్పప్పు పెద్ద గిన్నెడు నానబోసి ఉంది, ఇంట్లో 14 మంది. పెరట్లో రుబ్బురోలు ఉంది. అత్తయ్యగారు దాని వంక చూశారు, నా వంక చూశారు, తన మోకాళ్ళ వంక చూసుకున్నారు. "పప్పు ఫ్రిజ్‌లో పెట్టెయ్యమ్మాయ్" అన్నారు.

మధ్యాహ్నం మగవాళ్ళూ పిల్లలూ జగ్గన్నతోట తీర్థానికి, అంటే అక్కడి జాతరకి బయల్దేరారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే పదకొండు మంది శివుళ్ళని నిలిపి భుజాల మీద మోసుకొచ్చే ఎత్తైన వెదురు కట్టడాలు, ఆ తోటకి చేరేది కనుమ రోజే. కార్లు వెళ్ళిపోయాక ఇల్లు నిశ్శబ్దమైపోయింది. అత్తయ్యగారూ నేనూ అరుగు మీద కూర్చున్నాం. "ప్రభలు చూసి ఎన్నాళ్ళయింది అత్తయ్యగారూ?" అని మాటవరసకి అడిగాను. ఆవిడ వేళ్ళు మడిచి లెక్కేసుకుని, "మీ ఆయన చంకలో ఉన్నాడు" అన్నారు. మా ఆయనకి అప్పటికి 46. తీర్థం ఇంటికి ఆరు కిలోమీటర్లు కూడా ఉండదు!

ఆటో పిలిచాను. "కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా" అని గుర్తుచేస్తే, పక్క ఊరు ప్రయాణం కిందికి రాదని ఆవిడే తీర్పు చెప్పేశారు. గంగలకుర్రు ప్రభ కౌశిక కాలవలో దిగేసరికి గట్టు మీద ఉన్నాం. అంత పెద్ద ప్రభని పడనివ్వకుండా, నీళ్ళలో తడుస్తూ, "అశ్శరభ శరభ" అని అరుస్తూ మోసుకొస్తుంటే అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకున్నారు. జనంలో తప్పిపోతానని భయమేమో అనుకున్నా. ప్రభ గట్టెక్కాక కూడా వదల్లేదు. తర్వాత జీళ్ళు కొనుక్కుని, మడిచేలో కూర్చుని తిన్నాం. తన పెళ్ళి నాటి సంగతులు అప్పుడే చెప్పారు. అన్నేళ్ళలో మేం మాట్లాడుకున్నవన్నీ ఉప్పూ కారం లెక్కలే అని నాకు అక్కడే తెలిసింది.

ఇంటికొచ్చేసరికి మావయ్యగారు గుమ్మంలో ఉన్నారు. "కనుమ నాడు మినుము తినాలంటారు, గారెలేవీ?" అన్నారు. అత్తయ్యగారు మాట్లాడకుండా లోపలికెళ్ళి రెండు సున్నుండలు తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. సున్నుండలూ మినుములే కదండీ! అన్నం, ఆవకాయ, పెరుగుతో ఆ పూట గడిచిపోయింది. ఎవరూ పస్తులుండలేదు.

నన్నడిగితే ఆ కాకి సామెత పుట్టించింది ఏ కోడలో అయి ఉంటుంది. మూడు రోజులు నిలబడి చేశాక ఒక్కరోజు కూర్చోవడానికి దొరికిన వంక అది. ఇప్పుడు దాన్ని కూడా చెడగొట్టుకున్నాం. కనుమ సాయంత్రమే అందరూ బట్టలు సర్దేస్తారు. పొద్దున్నే ఆఫీసులంటారు, ఆ రాత్రంతా విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్ల వరసలో కూర్చుంటారు. రైల్లో వద్దామంటే టికెట్ దొరకదు. ఇదివరకు 120 రోజుల ముందే రిజర్వేషన్ ఉండేది, 2024 నవంబరు నుంచి 60 రోజులు చేశారు. దానివల్ల మాకు ఒరిగిందేమీ లేదు, అప్పుడూ నిమిషాల్లో అయిపోయేవి, ఇప్పుడూ అంతే.

మీరు అడిగిన దానికి ఇది జవాబో కాదో నాకు తెలీదు. మొన్న అత్తయ్యగారు ఫోన్ చేసినప్పుడు కొత్త గ్రైండర్ ఎలా పనిచేస్తోందని అడిగాను. "బాగానే ఉందమ్మాయ్. కనుమ నాటికి పాడవుతుందిలే" అన్నారు. మా గౌతమి ఎక్స్‌ప్రెస్ టికెట్లు మాత్రం ఇంకా వెయిటింగ్ లిస్టులోనే ఉన్నాయి.