ఎర్ర సిరా అన్నయ్యది, కథ మీది

ప్రశ్న: నా వయసు 38. ఇద్దరు పిల్లలు. నాలుగేళ్లుగా కథలు రాస్తున్నాను. మా అన్నయ్య తెలుగు లెక్చరర్ కాబట్టి ప్రతి కథా ముందు ఆయనకే పంపుతాను. ఎర్ర సిరాతో దిద్ది ఇస్తాడు. పత్రికలకు పంపినవి ఒక్కటీ అచ్చు కాలేదు. కూతురికని దాచిన చంద్రహారం అమ్మి కొడుకును చదివించిన తల్లి కథ రాస్తే, ‘ఇంటి గుట్టు వీధిన పెడతావా’ అని ముగింపు మార్చేశాడు. పన్నెండు వేలు కట్టి ఆన్‌లైన్‌లో కథారచన శిక్షణ తీసుకోమంటారా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: శిక్షణ మీకు అక్కరలేదు. ఆ డబ్బు దాచుకోండి. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథల గ్రంథాలయం కథానిలయం పుణ్యమా అని, పాత పత్రికల్లోని వేలాది కథలు ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. 1990 నుంచి వచ్చిన కథాసాహితి వారి వార్షిక సంకలనాలు కూడా సంపాదించండి. కథ ఎక్కడ మొదలైందో, ఎవరి కంటితో నడిచిందో, రచయిత ఏది చెప్పకుండా వదిలేశారో చదివిన ప్రతిసారీ రాసుకుంటే, అంతకు మించిన పాఠం ఎవరూ చెప్పలేరు.

ఇక అసలు విషయానికి వస్తాను. మీరు పంపిన చంద్రహారం కథను రెండు రూపాల్లోనూ చదివాను. అన్నయ్యగారు దిద్దిన దానిలో భాష శుభ్రపడింది, కథ పోయింది. చెల్లెలు చివర్లో అన్న కాళ్లకు దండం పెట్టడం నాకు మింగుడు పడలేదు. అయితే మీరు మొదట రాసినది కూడా కథ కాలేదమ్మా. అందులో తల్లి ఏడవడానికే ఉంది, అన్న స్వార్థపరుడిగా ఉండడానికే ఉన్నాడు. ఎందుకంటే మీరు దానిని పాఠకుల కోసం రాయలేదు. అన్నయ్య చదివి తలదించుకోవాలని రాశారు. ఆయన ఆ సంగతి గ్రహించి దిద్దేశారు.

హారం బాధ నిజమైతే దానిని కథ చాటున అడగడం నాకు నచ్చదు. పండక్కి పుట్టింటికి వెళ్లినప్పుడు వదినగారి ఎదుట కాకుండా, అమ్మగారిని మధ్యకు లాగకుండా, అన్నయ్యతో నేరుగా మాట్లాడండి. ఆయన ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు. ఆ లెక్క అక్కడ తేలాక మళ్లీ కథ దగ్గర కూర్చుని, హారం అమ్మిన సంగతి తెలిసిన రాత్రి ఆ కుర్రవాడు హాస్టల్లో ఏమనుకున్నాడో రాయడానికి ప్రయత్నించండి. అది రాయగలిగితే మీ చేతిలో కథ ఉన్నట్టే. ఊరు, వృత్తి, పిల్లల సంఖ్య మార్చండి. గాయాన్ని మాత్రం మార్చకండి. అన్నయ్యకు భయపడి కలం పేరు పెట్టుకునే ఆలోచన ఉంటే మానుకోండి, మీ పేరుతోనే రాయండి.

‘అన్నయ్యా, ఇకపై అచ్చయ్యాకే చూపిస్తాను’ అని మర్యాదగా చెప్పండి. పెద్దవాడిగా ఆయనకు ఇవ్వవలసిన గౌరవానికి ఇందులో లోటేమీ లేదు. రాతప్రతి అప్పగించడం ఆడపడుచు బాధ్యతల్లో ఎక్కడా లేదు. అనుమానం ఉన్న పదాలు ఫోన్‌లో అడిగితే ఆయనా సంతోషిస్తారు. తొలి పాఠకులుగా మీ ఇంటి కథలు తెలియని, చుట్టరికం లేని ఒకరిని వెతుక్కోండి. ‘బాగుందా’ అని కాకుండా ‘ఎక్కడ విసుగొచ్చింది’ అని అడగండి.

పంపే పద్ధతి కూడా సరిచూసుకోవాలి. రాశాక రెండు వారాలు పక్కన పెట్టి, తర్వాత పైకి చదవండి. నాలుక తడబడిన వాక్యాన్ని తిరగరాయండి. మీ కథల్లో మొదటి పేజీ అంతా వంశవృక్షమే, దానిని కొట్టేయండి. పత్రిక అడిగిన నిడివి మించకుండా యూనికోడ్‌లో టైప్ చేసి, సొంత రచనేనని, అనువాదం కాదని, మరెక్కడా పరిశీలనలో లేదని హామీ పత్రం జతచేయండి. ఒక కథను ఒకే పత్రికకు పంపండి. జవాబు కోసం కాచుకుని కూర్చోకుండా తర్వాతి కథ మొదలుపెట్టండి. వాళ్లు చెప్పిన గడువు దాటితేనే వెనక్కి తీసుకుంటున్నట్టు మెయిల్ రాసి మరో పత్రికకు పంపండి.

సంపుటి వేసుకోవాలన్న కోరిక ఉత్తరం చివర్లో కనిపించింది. సొంత ఖర్చుతో తొలి పుస్తకం వేసుకోవడం తెలుగులో మామూలే, అందులో చిన్నతనం లేదు. పదీ పన్నెండు కథలు పత్రికల్లో వచ్చాక ఆ మాట ఆలోచించండి. ముందుమాట మాత్రం అన్నయ్యగారి చేత రాయించకండి.