పాఠకుల ప్రశ్నలు: కాంట్రాక్టు సమస్యను ఎక్కడి నుంచి విప్పాలి?

ప్రశ్న: బార్ పరీక్ష (న్యాయవాదుల అర్హత పరీక్ష) కోసం మేము నలుగురం కలిసి చదువుకుంటున్నాము. కాంట్రాక్టు చట్టంలోని నిర్వచనాలు అందరికీ కంఠతా వచ్చు. అయినా నాలుగు ఉత్తరాలు, రెండు టెలిగ్రాములు ఉన్న సమస్య ఒకటి ఎదురైతే నలుగురం నాలుగు రకాలుగా జవాబు రాస్తున్నాము. మేము రాసినవి జతచేస్తున్నాము. లోపం ఎక్కడుందో చెప్పగలరా?

జవాబు: మీ జవాబులు నాలుగూ శ్రద్ధగా చదివాను. నాలుగింటిలోనూ మొదటి వాక్యమే ఒప్పందాన్ని ఎవరు ఉల్లంఘించారన్న చర్చతో మొదలైంది. ఉల్లంఘన జరగాలంటే ముందు కాంట్రాక్టు పుట్టి ఉండాలి. అది ఏ రోజున, ఎవరి మాటతో పుట్టిందో తేల్చకుండానే ముందుకు సాగడం వల్ల మీ నలుగురి దారులు అక్కడే విడిపోయాయి. సమస్య చదవగానే తేదీలను ఒకదాని కింద ఒకటి రాసుకోండి. ప్రతి తేదీకి ఎదురుగా, ఆ రోజు జరిగిన పని చట్టం దృష్టిలో ప్రతిపాదనా, కేవలం వాకబా, ఎదురు ప్రతిపాదనా, అంగీకారమా, ఉపసంహరణా అన్నది ఒక్క మాటలో రాయండి. ఆ మాట రాయలేకపోయిన చోటే మీకు పాఠం సరిగా అర్థం కాలేదని గ్రహించండి.

1880లో ఇంగ్లండులో తీర్పు వెలువడిన బర్న్ వర్సెస్ వాన్ టీన్‌హోవెన్ కేసును ఈ పద్ధతిలో రాసి చూడండి. అక్టోబరు 1న కార్డిఫ్ నుంచి అమ్మకందారు తగరపు పూత రేకుల విషయమై న్యూయార్క్‌కు ప్రతిపాదన పంపాడు. 8వ తేదీన మనసు మార్చుకొని, దాన్ని ఉపసంహరిస్తూ మరో ఉత్తరం పోస్టు చేశాడు. మొదటి ఉత్తరం 11న న్యూయార్క్ చేరగా, కొనుగోలుదారులు ఆ రోజే టెలిగ్రాముతో అంగీకరించారు. ఉపసంహరణ ఉత్తరం వారి చేతికి అందింది 20న. పోస్టు చేసిన తేదీలు మాత్రమే చూసేవారికి 8వ తేదీ 11 కంటే ముందు కనిపిస్తుంది కనుక కాంట్రాక్టు లేదని రాస్తారు. మీలో ఇద్దరు అచ్చంగా ఇదే చేశారు. ఉపసంహరణ అవతలి వారికి చేరినప్పుడే పనిచేస్తుందని కోర్టు చెప్పింది. కాబట్టి 11వ తేదీనే కాంట్రాక్టు ఏర్పడింది. ఈ నియమం వెనుక ఉన్న కారణాన్ని కూడా పట్టుకోండి: పోస్టు చేయడంతోనే ఉపసంహరణ చెల్లుతుందంటే, ప్రతిపాదనను అంగీకరించిన వ్యక్తి తనకు తెలియని ఉత్తరమేదైనా దారిలో ఉందేమోనని ఎదురుచూస్తూ కూర్చోవలసి వస్తుంది, వ్యాపారం సాగదు. కారణం తెలిసినవారికి పరీక్షలో తేదీలు తారుమారు చేసినా జవాబు తప్పు పోదు.

ఎదురు ప్రతిపాదన దగ్గర కూడా మీరు తడబడ్డారు. 1840 నాటి హైడ్ వర్సెస్ రెంచ్ కేసులో పొలాన్ని 1,000 పౌండ్లకు ఇస్తానన్న యజమానికి కొనుగోలుదారు 950 పౌండ్లు ఇస్తానన్నాడు. యజమాని కాదన్నాక, సరే 1,000 పౌండ్లకే తీసుకుంటానన్నాడు. 950 అన్న మాటతోనే మొదటి ప్రతిపాదన ముగిసిపోయింది కనుక, తరువాత అంగీకరించడానికి ఏమీ మిగలలేదు. అయితే 1880 నాటి స్టీవెన్‌సన్ వర్సెస్ మెక్‌లీన్ కేసులో ఇనుము కొనదలచినవారు, సరుకును రెండు నెలల పాటు విడతలుగా అందించడానికి వీలవుతుందా అని టెలిగ్రాములో అడిగారు. కోర్టు దాన్ని వాకబుగానే చూసింది, ప్రతిపాదన బతికే ఉంది. సమస్యలోని వాక్యం షరతు పెడుతున్నదా, ప్రశ్న అడుగుతున్నదా అన్నది గమనించడం మీద మార్కులన్నీ ఆధారపడతాయి. అందుకే ఆ వాక్యాన్ని రెండుసార్లు చదవమని నేను పట్టుబట్టి చెబుతాను.

ప్రశ్న: ఉల్లంఘన రుజువైతే జరిగిన నష్టమంతా రాబట్టవచ్చు కదా? లాభనష్టాల లెక్క వచ్చేసరికి మాకు మార్కులు పోతున్నాయి.

జవాబు: అంతా రాబట్టలేరు. 1854 నాటి హ్యాడ్లీ వర్సెస్ బాక్సెండేల్‌లో మిల్లు ఇరుసు విరిగింది. కొత్తది చేయించడానికి నమూనాగా దాన్ని రవాణాదారు చేతికిచ్చారు. రవాణాదారు ఆలస్యం చేయడంతో మిల్లు మరికొన్ని రోజులు ఆగిపోయింది. ఆ రోజుల్లో పోయిన లాభాన్ని కోర్టు మిల్లు యజమానులకు ఇప్పించలేదు. ఉల్లంఘన నుంచి సహజంగా కలిగే నష్టమైనా అయి ఉండాలి, లేదా కాంట్రాక్టు నాటికి ఇరుపక్షాల ఊహలోనూ ఉన్న నష్టమైనా అయి ఉండాలి అన్నది అక్కడ స్థిరపడిన సూత్రం. సమస్య రాసేవారు చాలాసార్లు మార్చేది ఒక్క వాక్యమే: ఇరుసు లేకపోతే మిల్లు నడవదని రవాణాదారుకు ముందే చెప్పారా, లేదా? ఆ వాక్యం కింద గీత గీసుకున్నాకే లెక్క మొదలుపెట్టండి.

ప్రశ్న: ఇంగ్లిషు కేసులు బాగా చదివితే ఏ పరీక్షకైనా సరిపోతుందా?

జవాబు: పునాదికి సరిపోతుంది, జవాబుకు సరిపోదు. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 4, 5 సెక్షన్ల ప్రకారం అంగీకార పత్రం పోస్టులో పడగానే ప్రతిపాదించినవాడు కట్టుబడతాడు గాని, అంగీకరించినవాడు అది అవతలివానికి తెలిసేవరకు వెనక్కి తీసుకోవచ్చు. ప్రతిఫలం, అంటే వాగ్దానానికి బదులుగా ఇచ్చేది, వాగ్దానం పొందినవారే ఇవ్వాలన్న ఇంగ్లిషు నియమం కూడా ఇక్కడ లేదు. సెక్షన్ 2(డి) మరొకరు ఇచ్చినా ఒప్పుకుంటుంది, చిన్నయ్య వర్సెస్ రామయ్య కేసులో మద్రాసు హైకోర్టు ఆ సూత్రాన్నే అమలుచేసింది. అమెరికా పరీక్ష రాసేవారైతే, లావాదేవీ సరుకుల అమ్మకమా, సేవలా, భూమా అన్నది తేదీల పట్టిక కంటే ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే సరుకులకు అక్కడి వాణిజ్య చట్ట సంహిత అయిన యూనిఫాం కమర్షియల్ కోడ్ రెండవ అధ్యాయం వర్తిస్తుంది, అక్కడ అంగీకారంలో అదనపు షరతు చేర్చినంత మాత్రాన అది ఎదురు ప్రతిపాదనగా మారిపోదు.