లాన్‌లో లేచిన తెల్ల గొడుగులు తినొచ్చా? ముందు మొదలు తవ్వి చూడండి

నాలుగు వానలు పడ్డాక ఇంటి ముందు పచ్చికలో పళ్లెమంత తెల్ల గొడుగులు లేచాయి, నడినెత్తిన గోధుమరంగు పొలుసులున్నాయి, కాడకి ఉంగరంలాంటి పట్టీ ఉంది, చూడ్డానికి సంతలో అమ్మే పుట్టగొడుగుల్లాగే ఉన్నాయి, కూర వండుకోవచ్చా అని మీ ప్రశ్న. వద్దండి. మీరు చెప్పిన గుర్తులన్నీ క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ అనే విషపు రకానికి సరిపోతున్నాయి. ఎరువు వేసి నీళ్లు పెట్టే పచ్చిక దీనికి బాగా ఇష్టం, తరచు వలయంగా లేస్తుంది. అమెరికాలో టెక్సాస్, ఫ్లోరిడా వైపు ఉండే మనవాళ్ల ఇళ్ల ముందు కనిపించేదీ ఎక్కువగా ఇదే. తింటే 1 నుంచి 3 గంటల్లో కడుపు మెలిపెట్టి వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

చాలామంది మోసపోయేది ఒక్కచోట. దీని అడుగు రేకులు ముదిరితేనే ఆకుపచ్చకి తిరుగుతాయి. విచ్చుకున్న మొదటి రోజు తెల్లగానే ఉంటాయి, వండాలనిపించేది కూడా అప్పుడే. కాబట్టి రంగు ఒక్కటే చూసి తేల్చకండి.

ముందు చేయాల్సిన పని తవ్వడం. పుట్టగొడుగుని కాడ పట్టుకుని లాగితే అసలు ఆధారం మట్టిలోనే ఉండిపోతుంది. చాకో, చిన్న గునపమో తీసుకుని కాడకి బెత్తెడు దూరంలో చుట్టూ తవ్వి, మట్టితో సహా ఎత్తండి. కొన్నిచోట్ల పుట్టకొక్కులనే అసలైన పుట్టగొడుగు టెర్మిటోమైసిస్ జాతిది. పేరులోనే పుట్ట ఉంది చూడండి, అది ఊరికే పెట్టిన పేరు కాదు. చెదపురుగులు భూమిలో పెంచుకునే బూజు తోట నుంచే ఇది పైకి వస్తుంది. అందుకే దాని కాడ నేల మట్టం దగ్గర ఆగదు. వేరులా సన్నబడుతూ, ఒక్కోసారి అడుగు లోతుకి పైగా దిగి, చెదల గూటికి చేరుతుంది. ఓపిగ్గా చివరిదాకా తవ్వితే బూడిదరంగు స్పంజిలా, గుల్లగుల్లగా ఒక ముద్ద కనిపిస్తుంది. దాని మీద గసగసాలంత తెల్లటి గింజలు అంటుకుని ఉంటాయి. అది చూస్తే పుట్టగొడుగు ఎక్కణ్ణుంచి వచ్చిందో సందేహం ఉండదు. నేల మీద పుట్ట లేచి ఉండాలని లేదు, గూడు పూర్తిగా భూమిలోనే ఉండొచ్చు. ఇంకో గుర్తు: గొడుగు నడినెత్తిన మట్టిని చీల్చుకు రావడానికి గట్టి మొన ఉంటుంది, మిగతా గొడుగు కన్నా ముదురు రంగులో. మీ లాన్‌లో లేచిన విషపు రకానికి మాత్రం వేరు ఉండదు, మొదలు కాస్త ఉబ్బి నేలలోనే ఆగిపోతుంది. దాని ఉంగరం గాజులా కాడ మీద పైకీ కిందకీ జరుగుతుంది. ఉంగరం ఉంటే విషం, లేకపోతే మంచిది అన్న లెక్క పెట్టుకోకండి. అసలైన పుట్టగొడుగుల్లోనూ ఉంగరమున్న రకాలున్నాయి.

ఒక మినహాయింపు ఉంది. వందలకొద్దీ గుంపుగా లేచే చిన్న పుట్టగొడుగులకి, అంటే అంగుళం కూడా లేని గొడుగులకి, పొడుగు వేరు ఉండదు. చెదలు గూడు ముక్కలు బయటపడేసిన చోట ఇవి వస్తాయి. వీటిని తెలిసినవాళ్లు చూపిస్తేనే ముట్టుకోండి.

రెండో పని బీజాల ముద్ర తీయడం, అంటే రేకుల నుంచి రాలే సన్నటి పొడి రంగు చూడడం. పూర్తిగా విచ్చిన గొడుగుని కాడ దగ్గర కోసేయండి. సగం తెల్ల కాగితం, సగం నల్ల కాగితం పక్కపక్కన పెట్టి, రేకులు కిందికి ఉండేలా ఆ గీత మీద బోర్లించండి. నెత్తిన ఒక్క నీటి చుక్క వేసి, గాజు గిన్నె మూసి రాత్రంతా వదిలేయండి. పొద్దున ఎత్తితే రేకుల గీతలతో సహా పొడి ముద్ర పడి ఉంటుంది. బూడిద ఆకుపచ్చ వస్తే మీ లాన్ రకమే. లేత గులాబి వస్తే అసలైన పుట్టగొడుగో, వరిగడ్డి పుట్టగొడుగో కావచ్చు. తెల్లగా వస్తే అమానిటా అనే ప్రమాదకరమైన జాతి సహా చాలా రకాలున్నాయి. తెల్ల పొడి తెల్ల కాగితం మీద కనపడదు, నల్ల కాగితం అందుకే. ముద్ర పడకపోతే గొడుగు లేతదన్నా అయి ఉండాలి, వానకి నాని కుళ్లినదన్నా అయి ఉండాలి. ఇంకొకటి మళ్లీ పెట్టండి. గులాబి వచ్చింది కదా అని పొయ్యి వెలిగించకండి. ఎంటోలోమా అనే జాతిలో విషపువి ఉన్నాయి, వాటి ముద్ర కూడా గులాబే. తేడా ఏమిటంటే వాటి రేకులు కాడకి అతుక్కుని ఉంటాయి, అసలైన పుట్టగొడుగు రేకులు కాడని తాకకుండా ఆగిపోతాయి.

ప్రాణం తీసేవి అమానిటాల్లో ఉన్నాయి. ఇవి ఎక్కువగా చెట్ల వేళ్లతో కలిసి బతుకుతాయి, అడవిలో, చెట్ల కింద చూడాలి. కాడ మొదట్లో పగిలిన గుడ్డుపెంకులా సంచి ఉంటుంది, లాగి తెంపితే ఆ సంచే మట్టిలో ఉండిపోతుంది. కాలిఫోర్నియా బే ఏరియాలో ఓక్ చెట్ల కింద లేచే డెత్ క్యాప్ అనే అమానిటాని వరిగడ్డి పుట్టగొడుగు అనుకుని తిన్న ఆసియా కుటుంబాలు ఉన్నాయి, అక్కడి మనవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. వరిగడ్డి రకానికీ సంచి ఉంటుంది, కానీ అది కుళ్లే గడ్డి మీద వస్తుంది, కాడకి ఉంగరం ఉండదు, ముదిరితే రేకులు గులాబికి తిరుగుతాయి. డెత్ క్యాప్ రేకులు తెల్లగానే ఉండిపోతాయి.

వెండి చెంచా నల్లబడుతుందా, వెల్లుల్లి రంగు మారుతుందా, పురుగులు తిన్నాయా అనే పరీక్షలు ఒక్కటీ పనిచేయవు. డెత్ క్యాప్ విషం ఎంత ఉడికించినా పోదు. ఫోన్ యాప్‌లు కూడా పైనుంచి తీసిన ఒక్క ఫొటోతో తేల్చలేవు. ఎవరినైనా అడగాలంటే పైభాగం, అడుగు రేకులు, మట్టితో తీసిన మొదలు, నిలువునా కోసిన సగం, ఇవన్నీ వేర్వేరుగా ఫొటో తీసి, ముద్ర రంగు, చుట్టూ ఏ చెట్టు ఉందో చెప్పండి.

కుండీల్లో లేచే నిమ్మపండు రంగు చిన్న గొడుగులు మొక్కకి ఏమీ చేయవు, తినకూడదు అంతే. కొబ్బరి మొదట్లో గోధుమరంగు చెక్క గొడుగు, అదే గానోడెర్మా, కనిపిస్తే మాత్రం వెంటనే ఉద్యాన అధికారికి చూపించండి. అప్పటికే లోపల కుళ్లు పట్టి ఉంటుంది.

మీ లాన్‌లోవి మందు కొడితే పోవు, బూజు మట్టిలో పాకి ఉంటుంది. చిన్నపిల్లలో, కుక్కో ఉంటే రోజూ పొద్దున్నే గొడుగు విచ్చకముందే పీకి చెత్తలో వేసి చేతులు కడుక్కోండి.

ఎవరైనా ఇప్పటికే తిని ఉంటే టైము చూడండి. 3 గంటల లోపు వాంతులు మొదలైతే ఎక్కువగా కడుపుని మాత్రమే ఇబ్బంది పెట్టే విషమే, అయినా ఆసుపత్రికి వెళ్లాలి, ఒంట్లో నీరు పోతే పిల్లలు తట్టుకోలేరు. 6 గంటలు దాటాక మొదలైతే అమానిటా అనే అనుమానించాలి. మర్నాడు వాంతులు తగ్గి తేరుకున్నట్టు కనిపిస్తారు, అప్పుడే లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. తగ్గిందని ఇంటికి తీసుకురావద్దు. మిగిలిన కూర, పారేసిన తొక్కలు, వండని గొడుగు ఏది ఉన్నా కాగితంలో చుట్టి వెంట తీసుకెళ్లండి, ప్లాస్టిక్ కవర్లో వేస్తే గంటల్లో కుళ్లి గుర్తుపట్టలేరు. తెలుగు రాష్ట్రాల్లో అయితే 108కి, అమెరికాలో విషాల సహాయ కేంద్రం 1-800-222-1222కి ఫోన్ చేసి, ఎన్ని గంటలకి తిన్నారు, ఎన్ని గంటలకి మొదలైంది అన్న రెండూ ముందుగా చెప్పండి.